అక్క వద్దన్న జడ్జి

వానాకాలం వస్తే హైకోర్టు వరండాల నిండా తడిసిన నల్లకోట్ల వాసన పట్టుకుంటుంది. గంజి, చెమట, బొగ్గుల ఇస్త్రీపెట్టె నుంచి బట్టకు అంటిన పొగ, అన్నీ కలిసిన వాసన. కొత్తగా వచ్చిన జూనియర్లు ముక్కు చిట్లిస్తారు. మొన్న లోకల్ రైలు దిగి తడుస్తూ వెళ్ళి, మెట్ల దగ్గర కోటు దులుపుకుంటుంటే ఆ వాసన ఒక్కసారిగా మీద పడింది. ఎన్నో వానాకాలాలు ఆ మెట్ల మీదే అనసూయక్క పక్కన నిలబడి, ఆమె ఫైళ్ళు తడవకుండా గుండెకు అదుముకుని, మా కేసు పిలుపు కోసం ఎదురుచూశాను. అక్క పోయాక ఆ మెట్లెక్కడం ఇంకా అలవాటు కాలేదు.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. పేపర్లలో ఆమె ఫొటో పడలేదు. కానీ కామాఠీపురాలో తెలుగువాళ్ళుండే చాళ్ళలో, ఆ ఒంటి గదుల బిల్డింగుల్లో, "వకీలక్క" అంటే చంకలో బిడ్డనెత్తుకున్న తల్లి కూడా చెయ్యి చాపి దారి చూపేది. మా తాతలు పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి ఈ ఊరికి వచ్చి, కట్టిన బిల్డింగుల్లో చోటు దొరక్క ఈ గల్లీల్లో మిగిలిపోయినవాళ్ళు. అక్క తండ్రి మేస్త్రీ. తల్లి బీడీలు చుట్టేది. అక్క పగలు ఒక ఆఫీసులో టైపు కొడుతూ, సాయంత్రం కాలేజీలో లా చదివింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "టైం దొరకలే" అని నవ్వేది. ఫోరస్ రోడ్డు వైపు తెరుచుకునే ఒక చాలు కింది అంతస్తులో ఆమె ఆఫీసు. అంతకుముందు అది దర్జీ దుకాణం. ఆ దర్జీ వదిలేసి పోయిన నిలువుటద్దం గోడకు అలాగే ఉండేది. అబద్ధం చెప్పే క్లయింట్లు ఆ అద్దంలో తమ మొహం తామే చూసుకుని తడబడేవాళ్ళు. అక్క తీసేయకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

లా పూర్తయ్యాక నన్ను తీసుకెళ్ళి ఆమె దగ్గర వదిలింది మా బాపు. అక్క నన్ను ఇంగ్లీషులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. టేబుల్ మీదున్న ఒక నోటీసు నా చేతికిచ్చి, బెంచీ మీద కూర్చున్న ముసలామెను చూపించింది.

"ఇందుల ఏమున్నదో ఈమెకు సమజయ్యేటట్టు తెలుగుల చెప్పు. ఈమెకు సమజైతే నువ్వు వకీలువే."

నేను మొదలుపెట్టాను. ముసలామె మధ్యలోనే అక్క వైపు తిరిగి, "ఈ పిల్ల ఏమంటుంది బిడ్డా?" అంది. అక్క నవ్వలేదు. "మళ్ళొకసారి చెప్పు" అంది. మూడోసారికి ముసలామె తలూపింది. ఆ రోజే నా కుర్చీ ఖాయమైంది.

నేను చేరిన ఏడాదే మా పక్కనున్న నాగ్‌పాడాలో లేత్ మిషన్ల వర్క్‌షాపులు ఖాళీ చేయించాలని నోటీసులు వచ్చాయి. ఆ వర్క్‌షాపుల వాళ్ళ కేసు అక్క తీసుకుంది. వాళ్ళు మా వార్డులో గెలిచిన పార్టీకి ఓటెయ్యరని అందరికీ తెలుసు. మరుసటి వారం పార్టీ కుర్రాళ్ళు వచ్చి అక్క పేరున్న బోర్డు రాళ్ళతో పగలగొట్టిపోయారు. అక్క పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చి, గుమ్మం పక్క గోడ మీద పెయింటుతో పేరు రాయించుకుంది. కొన్నాళ్ళకు ఆ కుర్రాళ్ళలో ఒకడు, మహేశ్ అనేవాడు, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇంటి యజమాని వాళ్ళ ఖోలీకి, ఉన్న ఆ ఒక్క గదికి, తాళం వేశాడట. వంటగిన్నెలతో సహా అన్నీ లోపలే ఉండిపోయాయట.

నేను అక్క చెవిలో, "అక్కా, బోర్డు పగలగొట్టింది వీడే" అన్నాను.

"నాకు తెలుసు. చూసిన," అంది అక్క. తర్వాత బయటికి వినపడేలా, "బోర్డు కేసు పోలీస్ స్టేషన్ల నడుస్తది. దానికి నువ్వు జవాబు చెప్పుకో. మీ అమ్మ కేసు ఈడ నడుస్తది. రెండూ కలపకు. లోపలికి రా" అంది.

వారం తిరక్కుండా తాళం తీయించింది. బోర్డు ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు. మహేశ్ కోర్టులో తప్పొప్పుకుని జరిమానా కట్టాడు. అక్క మనసు అర్థం కావడానికి నాకు ఈ ఒక్క సంగతి చాలు. తర్వాత జరిగింది మీకు అర్థం కావాలన్నా ముందు ఇది తెలియాలి.

ఇక దశరథ్ గురించి చెప్పాలి. మా చాలు పిల్లవాడే. నాకంటే చాలా ముందు అక్క దగ్గర జూనియర్‌గా చేశాడు. బుర్ర పాదరసం. గొంతు ఎత్తకుండానే గది మొత్తాన్ని తన వైపు తిప్పుకునేవాడు. అక్క అతనికి రాఖీ కట్టేది. సొంతంగా ప్రాక్టీసు పెట్టాక పార్టీ అతన్ని దగ్గరికి తీసింది. పార్టీ కేసులన్నీ అతనివే. టీవీలో పార్టీ తరఫున మాట్లాడేది కూడా అతనే. అంత ఎదిగినా రాఖీ పున్నమకు ఏ పనున్నా వచ్చి, చెప్పులు బయట విడిచి, అక్క కాళ్ళకు దండం పెట్టుకునేవాడు. "నా మొదటి కోర్టు ఈ గదే" అని నాతో అనేవాడు. ఆ మాటలో నటన ఉండేది కాదు. ఇప్పుడు కూడా అదే అంటాను.

హైకోర్టు జడ్జి పదవికి సిఫారసు అయిన పేర్లలో దశరథ్ పేరు ఉందని తెలిసిన రోజు మా గల్లీ గల్లీలా లేదు. డప్పులు మోగాయి. చాలు మొదటి అంతస్తు నుంచి ఎదుటి చాలు దాకా అతని ఫొటోతో బ్యానర్ కట్టారు. ఆడవాళ్ళు ఒకరికొకరు చక్కెర నోట్లో పెట్టుకున్నారు. మా బాపు, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, గదుల ముందున్న కామన్ గ్యాలరీలో నిలబడి అటూ ఇటూ పోయేవాళ్ళందరినీ ఆపి చెప్పాడు: "మన పాలమూరోళ్ళ పిల్లగాడు జడ్జి అయితుండు. తట్టలు మోసినోళ్ళ పిల్లగాడు." చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అక్క కూడా సంతోషంతో ఉంటుందనుకుని ఆఫీసుకు పరుగెత్తాను.

అక్క అద్దానికి వీపు పెట్టి కూర్చుని ఉంది. టేబుల్ మీద ఎవరో పెట్టిపోయిన పేడా మిఠాయి ముట్టుకోలేదు.

"నాగ్‌పాడా మూల మీద ఎలక్షన్ మీటింగ్‌ల వాడు మాట్లాడింది యాదికుందా?" అని అడిగింది.

ఉంది. మేమిద్దరం కోర్టు నుంచి నడిచి వస్తూ, జనంలో ఇరుక్కుని విన్నాం. దశరథ్ ముందు హిందీలో, తర్వాత మావాళ్ళ కోసం తెలుగులో అన్నాడు: "ఇయ్యాల మనం కోర్టు మెట్ల కింద నిలబడి అడుగుతున్నం. రేపు మనోళ్ళే పైన కూసుంటరు. మనకు ఎదురు తిరిగినోళ్ళకు అప్పుడు తెలుస్తది కోర్టంటే ఏందో." జనం ఈలలు వేశారు. అప్పుడు అక్క నా మోచెయ్యి పట్టుకుని జనంలోంచి బయటికి లాగింది, అంతే.

"నేను వద్దని రాస్తున్న," అంది ఇప్పుడు.

నేను వాదించాను. ప్రతి లాయరుకూ ఏదో ఒక పార్టీ ఉంటుందన్నాను. మీటింగుల్లో అందరూ ఏదో ఒకటి అంటారన్నాను. ఆ కుర్చీలో కూర్చున్నాక మనిషి మారిపోవచ్చన్నాను.

"మారొచ్చు," అంది అక్క. "మారకుంటే? ఎమ్మెల్యే మంచిగ చెయ్యకుంటే ఐదేండ్లకు దింపుతం. జడ్జిని ఎట్ల దింపుతవు? వానిది చిన్న వయసు. రిటైర్ అయ్యేదాంక అదే కుర్చీ. మనం వద్దనడానికి ఉన్నది ఈ నాలుగు దినాలే. పార్టీల ఉన్నడని నేను వద్దంటలేను. పార్టీల ఉండి మంచి జడ్జిలైనోళ్ళను చూసిన. ఎదురు తిరిగినోళ్ళను కోర్టుతోని కొడ్తనని నోరు తెరిచి చెప్పిండు చూడు, గందుకు వద్దంటున్న."

రాసే ముందు అతనికి కబురు పెట్టింది. చాటుగా రాయడం ఆమె వల్ల కాదు. దశరథ్ ఆ సాయంత్రమే వచ్చాడు, మొహమంతా వెలుగుతో. దీవెనలకు పిలిచిందనుకున్నాడు. అక్క తిన్నగా విషయం చెప్పేసింది. నేను బయటికి వెళ్ళబోతే "కూసో. దాచేది లేదు" అంది.

అతను కుడిచెయ్యి టేబుల్ మీద పెట్టాడు. "అక్కా, ఈ చేతికి నువ్వు రాఖీ కట్టినవు. పరాయోళ్ళు వద్దంటే నేను బాధపడకపోతుంటి."

"తెలుసురా. నాకు నిద్ర పడ్తలేదు. ఒక్క పని చెయ్యి. ఆ దినం మీటింగ్‌ల అన్నది తప్పని నలుగురి ముందట ఒక్క మాట చెప్పు. నేను ఒక్క అక్షరం రాయ. డప్పు కొట్టేటోళ్ళల్ల ముందు నేనే ఉంటా."

"అది మాట వరసకు అన్నదక్కా. నా మనసుల లేదు."

"మనసుల లేకుంటే చెప్పుడు ఇంకా సులువు గద."

అతను అద్దం వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. చెప్పాలనే ఉందతనికి. చివరికి చాలా మెల్లగా అన్నాడు: "ఇప్పుడు చెప్తే పార్టీవాళ్ళు నన్ను ఊకుంటరా? ఈ పేరు ఈడిదాంక తెచ్చిందే వాళ్ళు."

అక్క కళ్ళు మూసుకుంది. "అదేరా నా భయం," అంది. "ఇంకా కుర్చీ ఎక్కకముందే వాళ్ళను అడగాల్సి వస్తుంది నీకు."

అతను లేచి, ఆ రోజు కూడా కాళ్ళకు దండం పెట్టుకునే వెళ్ళాడు.

అక్క ఆ అభ్యంతరాన్ని తన ఒక్కదాని పేరుతోనే రాసింది. బార్ రూంలో చాలామంది "మీరు చెప్పింది నిజమే మేడం" అన్నారు గానీ, సంతకం మాటెత్తగానే గడియారం చూసుకున్నారు. నేను పెడతానంటే ఒప్పుకోలేదు. "నువ్వు ఆ జడ్జి ముందర ఇంకా పదిహేనేండ్లు నిలబడాలె. నేను ఎన్నాళ్ళు నిలబడ్త?" అంది. ఆమె రాసిన కాగితంలో తిట్టు లేదు, చాడీ లేదు. అతని తెలివి గురించి, కష్టపడి పైకొచ్చిన తీరు గురించి రెండు పేరాలు మెచ్చుకుంటూనే రాసింది. ఆ తర్వాత మీటింగులో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా పెట్టింది. పేర్లు పంపే న్యాయమూర్తులకూ ప్రభుత్వానికీ పంపింది. ఆ ఆదివారం మా తెలుగువాళ్ళ సమాజం హాలుకు వెళ్ళి, ఎవరో చెప్పి తెలిసేలోపు తనే అందరికీ చెప్పింది.

హాలులో కూర్చున్నవాళ్ళంతా ఆమె నోటీసులు చదివి పెట్టిన మనుషులు, ఆమె ఖోలీలు పోకుండా నిలబెట్టిన మనుషులు. అయినా ఎవరూ ఊరుకోలేదు. సమాజం పెద్ద, బాలయ్య తాత, కర్ర మీద ఆనుకుని లేచాడు. "ఇన్ని తరాలకు మనోడు ఒక్కడు పైకి పోతుండు బిడ్డా. వేరేటోళ్ళు కాళ్ళు గుంజుతరనుకున్నం. నువ్వే గుంజుతవా?"

అక్క చేతులు జోడించింది. "తాతా, కోర్టు అసొంటి బిల్డింగులకు మన పెద్దలు రాళ్ళు మోసిన్రని నువ్వే చెప్తవు. ఆ రాళ్ళ మీద నాకూ హక్కుంది. ఆడ కూసునేటోని ముందట నాగ్‌పాడా మనిషి, మన మనిషి ఒక్కలెక్క నిలబడాలె. నేను అడిగేది గంతే."

వెనక నుంచి పోచమ్మ అనే ముసలామె నిజంగానే అర్థంకాక అడిగింది. "మనోడు జడ్జి అయితే మనకు న్యాయం చేస్తడు గద బిడ్డా? దాంట్ల తప్పేముంది?"

"మనకు చేస్తడవ్వా," అంది అక్క. "మనకే చేస్తడు. అదే నా భయం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచి వెళ్ళిపోయారు. బాలయ్య తాత వెళ్తూ అక్క తల మీద చెయ్యి పెట్టబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆ సంవత్సరం బతుకమ్మ ఆడేటప్పుడు అక్క వచ్చి నిలబడితే, పక్కనున్న ఆడవాళ్ళు తప్పుకుని అటువైపు వెళ్ళి నిలబడ్డారు. అక్క ఆ ఖాళీలోనే చప్పట్లు చరుస్తూ, గుండ్రంగా తిరుగుతూ, పాట పూర్తయ్యేదాకా ఆడింది. చూడలేక నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. ఆ రాత్రి అన్నం దగ్గర బాపు, "ఆ ఆఫీసు ఇడిసిపెట్టు. మనం ఈ గల్లీలనే బతుకాలె" అన్నాడు. పొద్దున్నే ఎప్పటిలాగే వెళ్ళి ఆఫీసు తాళం తీశాను. బాపు నాతో చాన్నాళ్ళు సరిగా మాట్లాడలేదు.

అక్క అభ్యంతరం ఎవరు చదివారో, చదివి ఏమనుకున్నారో మాకు తెలియలేదు. దశరథ్ జడ్జి అయ్యాడు. ప్రమాణస్వీకారానికి అక్క ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల బ్యాండ్లు మెడకు కట్టుకుని వచ్చింది. వెనక వరసలో నాతో కూర్చుని, అందరితోపాటు లేచి నిలబడింది, అందరితోపాటు నమస్కారం చేసింది. బయటికొచ్చాక నాకు ఉక్రోషం ఆగలేదు. "ఎందుకు వచ్చినం అక్కా?" అన్నాను.

"నేను మనిషిని వద్దన్న. కోర్టును వద్దనలే," అంది. "నా మాట చెప్పుకున్న. వాళ్ళు వినలే. ఇగ ఆయన జడ్జి. రేపటి నుంచి నీ నోట్ల గాని నా నోట్ల గాని 'దశరథ్' అని రావద్దు."

ఆ మాట మీదే నిలబడింది. మా కేసు ఒకటి మొదటిసారి ఆయన ముందుకు వచ్చినప్పుడు, ఆయన మీద అభ్యంతరం రాసింది తనేనని ఓపెన్ కోర్టులో చెప్పింది. ఆయన ఆ కేసు వేరే బెంచికి పంపమన్నాడు. ఆ తర్వాత మా కేసులేవీ ఆయన ముందుకు రాలేదు. ఆయన తీర్పులు నేను వెతికి వెతికి చదివేదాన్ని. నిజం చెప్పాలంటే, తప్పులు దొరుకుతాయనే చదివాను. ఎక్కువ దొరకలేదు. కూలీలకు, విడాకులకు వచ్చిన ఆడవాళ్ళకు న్యాయం చేసే మంచి తీర్పులు రాశాడు. గల్లీలో జనం నా మొహం వైపు చూసేవాళ్ళు, ఇప్పుడేమంటావన్నట్టు.

తర్వాత నాగ్‌పాడా వర్క్‌షాపుల కేసు వచ్చింది. అక్క మొదట్లో నడిపిందే. ఆమె ఆరోగ్యం దెబ్బతిన్నాక వేరే లాయరు చేతికి వెళ్ళింది, అలా తిరిగి తిరిగి ఆయన బెంచి మీదికి చేరింది. అవతలి పక్షం పార్టీకి దగ్గరి బిల్డరు. వర్క్‌షాపులవాళ్ళు ఓడిపోయారు. వాళ్ళలో పెద్దాయన, యూసుఫ్ చాచా, తీర్పు కాపీ పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. లేత్ మిషన్ దగ్గర జీవితమంతా నిలబడిన మనిషి. అక్క మంచం మీదే, దిండ్లకు ఆనుకుని చదివింది. మొదటి నుంచి చివరిదాకా చదివి, వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను. ఆమె రాసింది నిజమని ఇప్పుడు తేలుతుందనుకున్నాను.

"చాచా, ఇందుల తప్పు లేదు," అంది. "మీ కాయితాలు మొదటి నుంచి కచ్చాగ ఉండె. నేను చెప్పిన గద. ఏ జడ్జి అయినా ఇదే రాస్తుండె."

యూసుఫ్ చాచా కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఫైసలా సహీ హోగా, వకీల్ బెహెన్," అన్నాడు. తీర్పు సరైనదే అయి ఉండవచ్చునట. "మగర్ భరోసా నహీ హోతా." నమ్మకమే కలగడం లేదట.

ఆయన వెళ్ళాక అక్క కిటికీ వైపు తిరిగింది. ఏడుస్తోందని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. అన్ని సంవత్సరాల్లో ఆమె ఏడవడం చూసింది అప్పుడొక్కసారే.

"వాడు తప్పు తీర్పు ఇస్తడని కాదే నేను రాసింది," అంది. "ఒప్పు తీర్పు ఇచ్చినా ఈ మనిషి నమ్మడని రాసిన. అది ఎవ్వలికీ చెప్పలేకపోయిన. సరిగ్గ చెప్పరాలే నాకు."

ఆ వానాకాలంలోనే అక్క పోయింది. అంత్యక్రియలకు గల్లీ మొత్తం వచ్చింది. తప్పుకుని నిలబడిన ఆడవాళ్ళే పసుపు నీళ్ళు కలిపారు. బాలయ్య తాత మెట్లు దిగలేక, పై గ్యాలరీ నుంచి పూలు వేశాడు. నాగ్‌పాడా నుంచి వర్క్‌షాపులవాళ్ళు వచ్చి, పాడె మోసే దగ్గర మావాళ్ళతో భుజం మార్చుకున్నారు. జస్టిస్ దశరథ్ కారు దూరంగా ఆపి నడిచి వచ్చాడు. అక్కకు దండం పెట్టి, చాలాసేపు గోడవారగా నిలబడ్డాడు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చాడు. "ఆమె రాసింది నాకు చూపించిన్రు. ఒక్క అబద్ధం లేదు," అన్నాడు. గొడుగు లేకుండా వానలో నడిచి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ ఆఫీసు నాది. బాపు రోజూ సాయంత్రం వచ్చి, బయట బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుంటాడు. అక్క గురించి మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోం. పార్టీలు మారాయి, వార్డులో జెండాలు మారాయి. ఈ మధ్య నా ఆలోచనలకు దగ్గరగా ఉండే పక్షంవాళ్ళు జడ్జి పదవికి ఒక పేరును సమర్థిస్తూ సంతకం పెట్టమని వచ్చారు. ఆ మనిషి అంటే నాకు ఇష్టం. ఊరేగింపుల్లో అతనితో కలిసి నడిచాను. అయినా అతను టీవీలో ప్రత్యర్థుల గురించి అన్న మాటలు ముందు పెట్టి, యూసుఫ్ చాచా లాంటివాడు అవతలి పక్షంలో ఉంటే ఇతని తీర్పు నమ్ముతాడా అని అడిగాను. వాళ్ళు నొచ్చుకున్నారు. నేను సంతకం పెట్టలేదు. వద్దంటూ రాసి పంపాను, నా పేరుతోనే.

పోయిన వారం ధారావి నుంచి ఒకాయన వచ్చాడు. పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన కట్టుబడి కూలీ. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరు మీద కేసు. కోర్టు గది బయట నా పక్కన నిలబడి, లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఈ జడ్జి మనోడేనా?"

లోపల కొత్త న్యాయమూర్తి తలవంచి ఎవరివో కాగితాలు చదువుతున్నారు. ఆయన ఊరేదో, ఓటెవరికో, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో నిజంగానే నాకు తెలియదు.

"తెల్వదన్నా," అన్నాను. "తెల్వకుంటేనే మనకు మంచిది."

అతనికి ధైర్యం వచ్చినట్టు కనబడలేదు. మా కేసు పిలిచారు. ఇద్దరం లోపలికి వెళ్ళాం.